తిప్పు మామ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

పడవ మెల్ల నడుపు, పన్నెండు బారల
లోతు గుండు దించు, లోభ మేల?
చుక్కచేప యుండు చోటది చల్లన;
తీగ వణకెనేని తిప్పు మామ!

అవతారిక: న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు మీద, పదహారడుగుల అల్యూమినియం పడవలో, ఒక ఆగస్టు తెల్లవారుజామున ఈ పద్యం పుట్టింది. కర్త మా మేనల్లుడు. వృత్తి సాఫ్ట్‌వేరు, వ్యసనం లేక్ ట్రౌట్. పద్యం చెప్పేసి మోటారు దగ్గరికి పోయి కూర్చున్నాడు. అర్థం విప్పి చెప్పరా అంటే "అంతా అందులోనే ఉంది మామా" అన్నాడు. కవులు ఈ మాట ఎప్పటినుంచో అంటున్నారు. వాళ్ళు అలా అనబట్టే మెదక్ సీమ కొలిచెలమ వాస్తవ్యుడు మల్లినాథసూరికి కాళిదాసంతటివాడి పుస్తకాల మీద చేతినిండా పని దొరికింది.

ప్రతిపదార్థం: పడవన్ = నావను; మెల్లన్ = నెమ్మదిగా, అనగా గంటకు రెండు మైళ్ళు మించకుండా; నడుపు = పోనిమ్ము; పన్నెండు బారల లోతు = చేతులు చాచిన కొలత చొప్పున 72 అడుగుల లోతునకు; గుండున్ = పది పౌన్ల సీసపు గుండును; దించు = వదలుము; లోభము + ఏల = పిసినారితనం ఎందుకు; చుక్కచేప = లేక్ ట్రౌట్; ఉండు చోటు + అది = నివసించు తావు; చల్లన = చల్లనిది; తీగ = (దీని మీద తగువుంది, కింద చూడండి); వణకెన్ + ఏని = వణికినట్లయితే; తిప్పు = చక్రమును తిప్పుము; మామ = ఓ మామా! అనగా ఈ వ్యాఖ్యాతే.

తాత్పర్యం: పడవ పోతూ ఉండాలి, ఎర లోతున వెనకే రావాలి, చేప తగిలితే లాగాలి. ఇంతే అయితే వ్యాఖ్య ఎందుకని అడుగుతారు. అందుకే విశేషాలు.

మెల్లన్: ఈ మాటకి అర్థం తెలియనిది మోటారుకే. ఎంత తగ్గించినా అది మూడు మైళ్ళకు దిగనంటుంది. అందుకని కర్త పాత పెయింటు బకెట్టుకి తాడు కట్టి వెనక నీళ్ళలో పారేశాడు. బకెట్టు నిండి పడవని పట్టి వెనక్కి లాగుతుంటే అప్పుడు రెండుకి దిగింది. ఇంత పట్టుదల దేనికంటే, ఎరగా కట్టినది పల్చటి స్పూను, చిటికెన వేలంత రేకు. వేగం ఎక్కువైతే గిరగిరా తిరిగిపోతుంది. తక్కువైతే ఊరికే వేలాడుతుంది. ఆ రెండిటి మధ్య ఒకచోట మాత్రం దెబ్బతిన్న చిన్నచేపలాగా పక్కకి ఒరిగి ఒరిగి ఈదుతుంది. పడవ మలుపు తిరిగేటప్పుడు బయటివైపు గాలం జోరందుకుంటుంది, లోపలివైపుది మందగించి కిందికి జారుతుంది. చేప ఏ వైపు గాలానికి తగిలిందో చూసుకుంటే, తిన్నగా పోయేటప్పుడు వేగం పెంచాలో తగ్గించాలో తెలుస్తుంది. ఈ కిటుకు మా కర్త పద్యంలో ఎందుకు పెట్టలేదో తెలియదు. బహుశా ఆటవెలదిలో పట్టలేదు.

గుండు: పడవ అంచున చిన్న రాట్నం, దానికి ఉక్కు తీగ, తీగ చివర గుండు. గాలపు దారాన్ని గుండు దగ్గర బట్టల క్లిప్పు లాంటి దానిలో నొక్కి పెట్టి రెండూ కలిపి దించుతారు. చేప లాగిందంటే దారం క్లిప్పులోంచి ఊడి వస్తుంది. ఆ పైన గుండు బరువు గుండుదే, చేప బరువు మనదే.

లోభమేల: దీన్ని ఉత్త పాదపూరణం అని కొట్టేసేవాళ్ళున్నారు. పక్క పడవలోని పెద్దాయన వాలకం చూస్తే ఆయనదీ అదే మతంలా ఉంది. నేను ఒప్పుకోను. పడవ ముందుకి పోతుంటే గుండు నిట్టనిలువుగా దిగదు, నీటి ఒరిపిడికి వెనక్కి వాలుతుంది. రాట్నం మీది లెక్క 72 అడుగులు చూపిస్తుంటే గుండు అంతకంటే పైనే ఉంటుంది. కాబట్టి తీగ కొంత ఉదారంగా వదలాలి. ఈ వాలు సంగతంతా కవి ‘లోభమేల’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చాడు. పైగా లోతుకీ లోభానికీ యతి కుదిరింది.

చుక్కచేప: ఒళ్ళు ముదురు రంగు, దాని మీద లేత చుక్కలు. మామూలు ట్రౌట్లకి లేత ఒంటి మీద ముదురు చుక్కలు. కనుక పేరులో ట్రౌట్ ఉన్నా శాస్త్రజ్ఞులు దీన్ని చార్ అనే జాతిలో చేర్చారు. తోక లోతుగా చీలి ఉంటుంది. పద్యానికి ఈ మాత్రం చాలు.

చల్లన: అసలు పద్యమంతా ఇక్కడుంది. కవి దీన్ని మూడో పాదం చివర ఏమీ ఎరగనట్టు పడేశాడు. అన్వయం చేసేటప్పుడు ముందుకి తెచ్చుకోవాలి: చోటు చల్లన గనక అంత లోతు, లోతు గనక గుండు, గుండు గనక మెల్లన. సెనెకా పొడవు 38 మైళ్ళు, లోతు 618 అడుగులు. హిమానీనదాలు దొలిచిన గుంట. ఎండాకాలంలో పైనీళ్ళు ఈతకొట్టేంత వెచ్చగా ఉంటాయి. దిగుతున్న కొద్దీ ఒకచోట కొద్ది అడుగుల మందంలో ఉష్ణోగ్రత ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ పొర కింద చీకటీ చలీ. పది డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉన్న నీళ్ళంటే ఈ చేపకి ప్రాణం. సూర్యుడెక్కే కొద్దీ అది దిగుతుంది.

అయితే పన్నెండు బారలు అనేది విధివాక్యమా? కాదు, ఉపలక్షణం. ఏప్రిల్‌లో పైనుంచి కింద దాకా ఒకే చలి. చేప పైపైనే తిరుగుతుంది, గుండు పడవలోనే పెట్టుకోవచ్చు. ఎండాకాలంలోనే ఉత్తరపు గాలి రెండు రోజులు ఊదిందనుకోండి, వెచ్చని పైనీళ్ళన్నీ దక్షిణాన వాట్కిన్స్ గ్లెన్ వైపు తోసుకుపోయి, ఉత్తరపు కొసన జెనీవా దగ్గర చల్లనీళ్ళు పైకొస్తాయి. ఆ రోజు పన్నెండు బారలని పట్టుకు కూర్చున్నవాడికి పద్యమే మిగులుతుంది. ‘పదియేను బారల’ అన్నా గణం చెడదు, యతీ చెడదు. అంకె యతి కోసం వచ్చింది, చలి మాత్రం చేప కోసం వచ్చింది.

పూర్వపక్షం: తెర మీద చేప కనిపించే సోనార్ యంత్రం ఉండగా ఈ ఛందస్సంతా దేనికి? ఈ సరస్సులోనే డ్రెస్డెన్ దగ్గర అమెరికా నౌకాదళం బార్జి కట్టి సోనార్లని పరీక్షిస్తుంది కదా? సమాధానం: ఆ ఉదయం తెర మీద గుండు ఒక గీతగా, చేప మరో గీతగా పావుగంట సేపు పక్కపక్కనే సాగాయి. చేప గుండుని దగ్గరగా చూసింది, స్పూనునీ చూసింది, తర్వాత తన గీత తను గీసుకుంటూ పోయింది. యంత్రం తన పని తాను చేసింది.

తీగ: నైలాను దారమని నవీనులు. రాగి తీగ అని ప్రాచీనులు. ఈ సరస్సుల్లో గుండూ రాట్నమూ రాకముందు రాగి తీగని చేత్తో పట్టుకుని లాగుతూ వదులుతూ పోయేవారు. రాగి తన బరువుకి తానే మునుగుతుంది. మరో సంప్రదాయం సెత్ గ్రీన్‌ది. రాచెస్టర్ ప్రాంతం వాడు, 1864లో కలెడోనియాలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం పెట్టినవాడు. ఒకే బరువైన తాడుకి వరుసగా కొన్ని దారాలు కట్టి, ఒక్కోదానికి ఒక్కో స్పూను వేలాడదీసి, ఒకేసారి అన్ని లోతులూ వెతికే పద్ధతికి ఇప్పటికీ ఆయన పేరే. చేతిలో పట్టుకుంటేనే వణుకు తెలుస్తుంది గనక కవి హృదయం రాగేనని నా నిశ్చయం. కర్తని అడిగితే "ఏదైనా ఒకటే మామా" అన్నాడు. కర్త మాట ప్రమాణం కాదు.

వణకెనేని: ‘ఏని’ అన్న సందేహార్థకాన్ని వదిలిపెట్టకూడదు. లేక్ ట్రౌట్ తగిలితే గాలపు కర్ర విరుచుకుపడుతుందని అనుకోవద్దు. చిన్నదైతే క్లిప్పు కూడా ఊడదు. స్పూను నోట్లో పెట్టుకుని పడవ వెంట మైలు దూరం నోరెత్తకుండా వచ్చేస్తుంది. కర్ర కొస కాస్త తలాడిస్తే అది అలో, చేపో. ఏని.

తిప్పు: తిప్పాను. సగం దూరం వచ్చాక నీటి మీద బుడగలు తేలాయి. ఈ చేప గాలితిత్తికీ ఆహారనాళానికీ దారి ఉంది. పైకి వచ్చేటప్పుడు ఉబ్బిన గాలిని త్రేన్చి వదిలేస్తుంది. వలలో పడ్డాక చూస్తే, రొమ్ము రెక్క వెనక గుండ్రటి పాత పుండు మచ్చ, నడిమధ్య పొలుసులు లేని ఎర్రటి చర్మం. లాంప్రే కరిచిన గుర్తు. దవడల్లేని, ఈల్ ఆకారపు ఈ రక్తపిశాచి వెల్లండ్ కాలువ మీదుగా 1921లో ఈరీ సరస్సుకీ, 1936లో మిషిగన్‌కీ చేరింది. అప్పటికే వలల తాకిడి ఉంది. 1950ల కల్లా మిషిగన్ సరస్సులో లేక్ ట్రౌట్ లేకుండా పోయింది. 1958 నుంచి వాగుల్లో మందు పోసి లాంప్రే పిల్లల్ని చంపుతూ వస్తే గాని సుపీరియర్ సరస్సు తేరుకోలేదు. మా వలలోది కరిపించుకుని కూడా బతికి, బలిసి, నా చేతికి వచ్చింది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ‘ఫోను వణకెనేని తియ్యి మామ’ అని ఉంది. గణాలు సరిపోయినా ఫోకారానికీ తికారానికీ యతి లేదు గనక ఇది ప్రక్షిప్తమే. అయితే నిరాధారం కాదు. చేపని ఇంకా వలలోంచి తీస్తుండగానే జేబులో ఫోను వణికింది. కోడలు. "మామయ్యగారూ, చింతపండు నానబెట్టమంటారా, వద్దా?" ఒక్క చేపతో అందరికీ పులుసవుతుందో లేదో మూలంలో ఎక్కడా లేదు. నానబెట్టమన్నాను. చాలకపోతే చారు పెట్టుకుంటాం.