డబ్బిచ్చి గడ్డి

డబ్బు కోసం గడ్డి కరిచేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. గడ్డి కోసం డబ్బు కరిగించేవాణ్ణి చూడాలంటే డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనోల దాకా వెళ్ళాలి. తెలుగువాళ్ళున్న వీధిలో ఒకడైనా తగులుతాడు.

గుర్తుపట్టడం సులువే. అందరి ఇళ్ళముందూ లాన్లుంటే, ఇతని వాకిట్లో నడుమెత్తు కుచ్చులు ఊగుతుంటాయి. ఒకప్పుడు ఇతనిదీ బెర్ముడా లానే. అంటే, వినాయకచవితికి మనం వెతుక్కునే గరిక. దానికి వారం వారం క్షవరం చేయించి, నీళ్ళ బిల్లు చూసి బెంబేలెత్తి, ఓ వేసవిలో జ్ఞానోదయమై పీకించేశాడు. ఆ చోట గల్ఫ్ మ్యూలీ, లిటిల్ బ్లూస్టెమ్, టెక్సస్ 1971లో తన రాష్ట్ర గడ్డిగా ప్రకటించుకున్న సైడోట్స్ గ్రామా నాటాడు.

భోజనానికి పిలిచాడంటే పప్పు వడ్డించేలోపే మొదలెడతాడు. "ఆరు గంటల ఎండ తగిలితే చాలండీ. ఎరువు వెయ్యనేకూడదు, బలిసి పడిపోతుంది. మొదటి ఏడాది వేళ్ళూనేదాకా నీళ్ళు పోశామా, తర్వాత దాని బతుకు అది బతుకుతుంది." చెప్పినంత సేపు పట్టదు, చీకటి పడ్డాక తనే పైపు పట్టుకుని బయల్దేరతాడు. ప్రాణం ఒప్పదు మరి! కుచ్చులు వాలిపోతే నిన్నటి గాలి మీదికి నెడతాడు.

కలుపు పెరిగిందని కాలనీ సంఘం నోటీసిస్తే మరొకడైతే హడలిపోతాడు. ఇతను అందుకోసమే కాచుకుని ఉంటాడు. నీటిపొదుపు తోటల్ని సంఘాలు నిషేధించకూడదంటూ 2013లో టెక్సస్ చేసిన చట్టం ఇతని ఫైల్లో భద్రంగా ఉంది. ముందుగా ప్లాను చూపించమనే హక్కు సంఘానికీ ఉంది. ఆ పేరా మాత్రం ఎవరికీ చదివి వినిపించడు.

అసలు పరీక్ష గుంటూరు నుంచి నాన్న దిగినప్పుడు. పత్తి పండించిన మనిషి. వాకిట్లో మట్టి చిదిమి చూసి, "ఇది మన నల్లరేగడేరా!" అన్నాడు. నిజమే, ఆ ప్రాంతపు నల్లమట్టి అదే జాతి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. వేసవిలో పునాదులు కదలకుండా ఇంటి చుట్టూ నీళ్ళ పైపు పరుస్తారని వినేసరికి పెద్దాయనకు నవ్వాగలేదు. "గడ్డికి అక్కర్లేని నీళ్ళు ఇంటికి కావాలా?"

మర్నాడు కొడుకు లేచేసరికి ఆయన అలవాటుకొద్దీ కలుపు తీసి పెట్టాడు. నర్సరీలో ఏరి కోరి కొన్న కుదుళ్ళు, వేళ్ళకు మట్టి దులిపి మరీ, గట్టున వరసగా పడున్నాయి.

శరదృతువులో మ్యూలీ గులాబీ రంగు పొగలా పూస్తుంది. పట్టుచీరలు, ఫొటోలు, రద్దీ. బతుకమ్మకు గునుగు దొరకని చెల్లెమ్మెవరో కత్తెర తీసుకుని, "నాలుగు కంకులు కోసుకోనా అన్నయ్యా?" అంటుంది. కాదనలేడు, నిలబడి చూడనూ లేడు. టీ పెట్టే మిషతో లోపలికి పోతాడు.

చలికాలం చివర, కొత్త చిగురు రాకముందే ఎండిన గడ్డిని పొట్టిగా కొయ్యాలి. కోసిందంతా కాగితం సంచుల్లో కుక్కి వీధిలో పెడుతుండగా వీడియో కాల్‌లో నాన్న.

"మోపు ఎంతకిచ్చావురా?"

"చెత్తబండికి నాన్నా, ఊరికే."

"అదేంట్రా, అంత వీధిలో ఒక్కడికీ గేదె లేదా?"