జెర్బిల్ పరుపు సూత్రం: టీకా తాత్పర్యం

సూత్రం: వాసన లేనిది, పోగులు సాగనిది, బొరియ నిలుచునది, మింగినను కీడు చేయనిది జెర్బిల్ పరుపు.

టీక: వాసన లేనిది = యజమాని ముక్కును మురిపించనిది; పోగులు సాగనిది = దూది కానిది; బొరియ నిలుచునది = తవ్విన సొరంగం కూలనిది; మింగినను = కొరకడమే వృత్తిగా గల జీవి గనుక ఎలాగూ కొంత మింగును; పరుపు = ఇక్కడ గోడ అని గ్రహించవలెను.

తాత్పర్యం: మంగోలియా, ఉత్తర చైనా మెట్టమైదానాల్లో నేలకింద బొరియల్లో బతికే చిన్న కొరుకుడు జీవి జెర్బిల్. బోనులో పెడితే మూలకు చేరి గంటల తరబడి గీరుతుంది. తవ్వుకోను ఏదైనా వేస్తే ఆ పిచ్చి పోతుందని పూర్వపక్షం. 1997లో క్రిస్టోఫ్ వీడెన్‌మేయర్ ప్రచురించిన ప్రయోగం దాన్ని ఖండించింది. పొడి ఇసుక ఇచ్చినా పిల్ల జెర్బిళ్ల గీరుడు ఆగలేదు. సొరంగం గుండా చేరే చీకటి గది ఇస్తే ఆ అలవాటే పుట్టలేదు. అంటే వాటికి కావలసింది తవ్వడం కాదు, నిలిచే బొరియ. కనుక అడుగున పలచగా చల్లిన పొట్టు పరుపు అనిపించుకోదు. కాగితపు పరుపులోనో ఆస్పెన్ చెక్కపొట్టులోనో ఎండుగడ్డి కలిపి, 20–30 సెంటీమీటర్ల లోతున అదిమి పోస్తే సొరంగం నిలుస్తుంది. అది పొడిగానూ ఉండాలి. చెమ్మ ఎక్కువైతే బొచ్చు జిడ్డుగా అట్టకడుతుంది.

ఇక వాసన. ఎర్ర సీడార్ పొట్టు ఘుమఘుమలాడుతుంది, బోను కంపును కప్పేస్తుంది. కొనేవాడికి అంతకన్నా ఏం కావాలి? పరిశోధకుడు ఇలియట్ వెసెల్ 1967లో చూపినదేమంటే, సీడార్, పైన్ పొట్టుపై ఉంచిన ఎలుకల కాలేయంలో మందులను విరిచే ఎంజైములు పెరిగాయి, మత్తుమందిస్తే నిద్ర తొందరగా తేలిపోయింది. అవి జెర్బిళ్లు కావు కదా, ఎంజైము పెరగడం జబ్బు కాదు కదా అని ఆక్షేపణ. రెండూ నిజమే. కానీ పరుపులోని ఆవిర్లు కాలేయం దాకా పోతాయని తేలింది. రోజంతా ఆ పొట్టులోనే తల దూర్చి బతికే జీవి విషయంలో, వాసన లేని సరుకు అంగట్లో దొరుకుతుండగా, సందేహలాభం సీడార్‌కు ఎందుకివ్వాలి? బట్టీలో ఆరబెట్టిన పైన్‌ను దానితో ఒకే గాటన కట్టనక్కర్లేదు. వేడికి ఆవిర్లు చాలావరకు పోతాయి. దూదిపై చర్చ అనవసరం: పోగు కాలికి చుట్టుకుంటుంది, మింగితే పేగుకు అడ్డుపడుతుంది.

పరుపు వేరు, కొరుకుడు సామగ్రి వేరు అని అంగడివాడి విభజన. జెర్బిల్ దాన్ని ఒప్పుకోదు. ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక కొరకక తప్పదు. కొరికిన అట్టముక్కలనే తెచ్చి గూట్లో పరుచుకుంటుంది. కాబట్టి రెండింటికీ ఒకటే పరీక్ష. టేపు, జిగురు తీసేసిన అట్టగొట్టాలు, మందు కొట్టని ఆపిల్, విల్లో కొమ్మలు నెగ్గుతాయి. రంగురంగుల ప్లాస్టిక్ గొట్టం గట్టిదే కదా, అరగదు కదా అంటారు. పళ్లకు అది గట్టిదేమీ కాదు. పెచ్చులుగా ఊడి కడుపులోకి పోతుంది.