నన్ను ఎగరేసింది ఆ పిల్లలే

నేను ఒక్కసారి కూడా ఎగరలేదు. 1964లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో, సినిమాలకు నమూనాలు చేసిచ్చే ఒక పనిశాలలో, పోప్లర్ కొయ్యతో, ప్లాస్టిక్‌తో, లోహపు రేకుతో నన్ను చేశారు. పొడవు 11 అడుగుల పైమాటే, బరువు 90 కిలోల దాకా ఉంటుంది. నా రూపం గీసిన మాట్ జెఫ్రీస్ రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో పనిచేసి వచ్చిన మనిషి. యంత్రం చెడితే బాగుచేయడానికి ఎవరూ ప్రాణాలకు తెగించి నౌక బయటికి వెళ్లకూడదు, సామగ్రి అంతా లోపలే ఉండాలి అన్నది ఆయన ఆలోచన. నా ఒళ్లు అంత నున్నగా ఉండటానికి కారణం అదే. రిచర్డ్ డేటిన్, ఆయనతోపాటు మరికొందరు పనివాళ్లు నన్ను చెక్కి, కూర్చి, రంగు వేశారు. నా పేరు ఎంటర్‌ప్రైజ్, నా నంబరు ఎన్‌సీసీ-1701. 1966 సెప్టెంబర్ 8 రాత్రి అమెరికా టీవీల్లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో నక్షత్రాల మధ్య తిరిగే ఓడను నేనే. ఈరోజు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి జాతీయ వాయు, అంతరిక్ష మ్యూజియంలో ఉన్నాను. లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం ఉన్నది కూడా ఇక్కడే. నిజంగా ఎగిరిన యంత్రాల సరసన ఒక కొయ్య బొమ్మకు చోటెలా దొరికిందన్నది న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఒక్కటే. చేసినవాళ్లు నన్ను బొమ్మగానే చేశారు. ఓడను చేసింది మాత్రం నన్ను చూసిన పిల్లలు. టీవీ ముందు కూర్చున్న ఒక కుర్ర అభిమాని ఉత్సాహాన్ని కాలక్షేపం కింద జమకట్టడం తప్పని, అది పని నేర్పే శ్రద్ధ అని నేను వాదిస్తాను. సాక్ష్యం నా చరిత్రలోనే ఉంది.

ముందు ఆ పిల్లలు నిజంగా ఏం చూశారో చెప్పాలి. నా కుడివైపు మాత్రమే పూర్తయిన ముఖం. లోపలి దీపాలకు, మోటార్లకు కరెంటు తీగలు ఎడమవైపు నుంచి దూర్చారు కాబట్టి అటు కిటికీలూ లేవు, గుర్తులూ లేవు. నేను అటువైపు తిరిగి వెళ్తున్నట్టు చూపించాల్సి వస్తే, పేరునూ అంకెలనూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి కుడివైపే అంటించి, చిత్రీకరించిన ఫిల్మును తిప్పి వాడేవాళ్లు. ఇంజన్ల ముందు ఎర్రగా గిర్రున తిరిగే ఆ వెలుగు క్రిస్మస్ చెట్టుకు కట్టే బుల్బులది, వాటి ముందు తిరిగే రెక్కలది. ఇంత చవకగా అల్లిన మాయ అది. పైగా ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాన్ని దాచిపెట్టుకునే సాధనం ఇళ్లలో లేదు. వారానికి ఒక్కసారి, కొన్ని క్షణాలు కనిపించి పోయేదాన్ని. అయినా నా కిటికీలు ఎన్ని వరసలో, ఏ దీపం ఏ తాళంలో వెలిగి ఆరుతుందో గుర్తుపెట్టుకుని కాగితం మీద గీసిన పిల్లలున్నారు. అరకొరగా దొరికినదాన్ని మనసులో నిలుపుకుని, లేని భాగాన్ని ఊహతో పూరించి, మరుసటి వారం మళ్లీ సరిచూసుకోవడం పరిశీలన అనే విద్యలో తొలి పాఠం. బడిలో ఆ పాఠం చెప్పాలంటే మాస్టార్లకు ఎంత కష్టమో అందరికీ తెలుసు.

అభిమానులు ఉత్తరాలు రాసి ధారావాహికను బతికించారన్న కథ చాలామంది విన్నదే. ఆ కథను ఉన్నదున్నట్టు చెప్పడమే నాకిష్టం, ఎందుకంటే నిజంలోనే నా వాదానికి ఎక్కువ బలం ఉంది. 1967 చివర్లో కార్యక్రమం ఆగిపోతుందన్న మాట బయటికొచ్చింది. బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆవిడ భర్త జాన్ ముందు నిలబడి దేశమంతటా ఉత్తరాల ఉద్యమం నడిపారు. ఉత్తరాలు లక్షకు పైగా వచ్చాయి. 1968 జనవరిలో కాల్టెక్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు కాగడాలు పట్టుకుని బర్బాంక్‌లోని స్టూడియో దాకా నడిచారు. మార్చి 1న తెర మీదే ప్రకటన వచ్చింది, కార్యక్రమం కొనసాగుతుందని. కానీ దాన్ని శుక్రవారం రాత్రి 10 గంటలకు జరిపేశారు. కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. 1969 జూన్‌లో అంతా ముగిసింది. అంటే ఆ ఉత్తరాలు ఓడిపోయాయనేగా అని అడగవచ్చు. లెక్క చూడండి. మొదటి రెండు విడతల్లో 55 భాగాలు, మూడో విడతలో 24, మొత్తం 79. ఆగిపోయిన కార్యక్రమాన్ని స్థానిక స్టేషన్లు కొని రోజూ వేసుకోవాలంటే చేతిలో తగినన్ని భాగాలుండాలి. 55తో ఆ బేరం నడవడం కష్టం, 79తో నడిచింది. 1970లలో సాయంత్రం వేళ, బడి నుంచి వచ్చిన పిల్లల కళ్ల ముందు నేను రోజూ తిరిగింది ఆ పునఃప్రసారాల్లోనే. అసలు ప్రసారం కంటే వీటిని చూసినవాళ్లే నాకు ఎక్కువ ఆత్మీయులయ్యారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు సమావేశం పెట్టుకుంటే, కొన్ని వందల మంది వస్తారనుకున్నచోటికి 3,000 మందికి పైగా వచ్చారు. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ వచ్చారు, నాసా తన సామగ్రి పంపింది. ఉత్తరం రాసిన పిల్ల కోరింది తన కోసం ఇంకో ఏడాది. దక్కింది తన తర్వాతి తరానికి.

ఇక ఇళ్లలో ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఉంది. పొద్దస్తమానం ఆ టీవీ గోలేనా, ఇది రేపు కూడు పెడుతుందా అని. తల్లిదండ్రుల ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జవాబు ఊహల్లోంచి కాక జరిగినదాంట్లోంచి చెబుతాను. డేవిడ్ గెరాల్డ్ కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడే ఈ ధారావాహికకు కథ రాసి పంపాడు. బొచ్చుబంతుల్లాంటి ప్రాణులు ఓడ నిండా పిల్లల్ని పెట్టే ఆ ట్రిబుల్స్ కథ 1967 డిసెంబర్‌లో ప్రసారమయ్యేనాటికి అతనికి 23 ఏళ్లు. హవాయిలో ఉండి తన గీతలు తానే పంపిన మైకేల్ ఒకూడా తర్వాతి సినిమాలకూ ధారావాహికలకూ యంత్రాల తెరలు, మీటలు, గుర్తులు రూపొందించాడు. న్యూయార్క్‌లో అభిమానుల దుకాణం నడిపిన డగ్ డ్రెక్స్‌లర్ మేకప్ కళలో ఆస్కార్ అందుకున్నాడు. సెట్టు చూడటానికి వెళ్లి తన స్క్రిప్టు చేతికిచ్చి వచ్చిన రొనాల్డ్ మూర్ రచన 1989లో తెరకెక్కింది, ఆ తర్వాత అతను అక్కడే రచయితగా కుదురుకున్నాడు. వీళ్లందరిలో కనిపించేది ఒక్కటే వరస: ముందు ఇష్టం, ఆ ఇష్టం కొద్దీ అభ్యాసం, చివరికి నైపుణ్యం. ఎవరూ అడగకముందే పని చేసి పెట్టుకున్నారు. జీతం తర్వాత వచ్చింది.

శాస్త్రం తెలిసినవాళ్లు మరో ఆక్షేపణ చేస్తారు. కాంతి కంటే వేగంగా పోవడం, మనిషిని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చడం లాంటి అబద్ధపు శాస్త్రం నూరిపోస్తే పిల్లల బుర్ర చెడదా అని. చెప్పింది అబద్ధమే. మనుషుల్ని మాయం చేసి దింపే ఆ యంత్రం పుట్టుక వెనక ఏ సిద్ధాంతమూ లేదు. ప్రతి వారం నన్ను ఒక గ్రహం మీద దింపి చూపించడానికి ఖర్చు తట్టుకోలేక కనిపెట్టిన ఉపాయం అది. కానీ కట్టుకథ నుంచి పిల్ల నేర్చుకునేది సూత్రాలు కాదు, ప్రశ్న వేసే అలవాటు. కాంతి వేగాన్ని ఎందుకు దాటలేం అని అడగాలంటే, దాటినట్టు ముందు ఎవరో చూపించాలి. 1994లో మెక్సికో భౌతిక శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రే, ఓడ చుట్టూ ఉన్న స్థలకాలాన్నే ముందు కుదించి వెనక సాగదీస్తే సాపేక్ష సిద్ధాంతం అడ్డు చెబుతుందా అని గణితంగా పరిశీలించి పత్రం రాశాడు. ఆ పత్రం శీర్షికలోని ‘వార్ప్ డ్రైవ్’ కాల్పనిక కథల నుంచి తీసుకున్న పేరే. అలాంటి ప్రయాణానికి రుణాత్మక శక్తి కావాలి, అది చేతికి అందేది కాదు. అయినా అది పద్ధతి ప్రకారం వేసిన ప్రశ్న. చికాగోలో పెరిగిన మే జెమిసన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పదేళ్ల పిల్లగా ఆమె చూసిన ఓడలో లెఫ్టినెంట్ ఉహూరా అనే నల్లజాతి అధికారిణి ఉంది. అప్పటికి అసలు నాసా వ్యోమగాముల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. తెర మీద ఉన్నది బయట ఎందుకు లేదన్న ప్రశ్న ఏ పాఠ్యపుస్తకమూ వేయలేదు. ఉహూరాగా నటించిన నిషెల్ నికోల్స్ 1977లో నాసా తరఫున తిరిగి, స్త్రీలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా దరఖాస్తు పెట్టమని కోరింది. 1992 సెప్టెంబర్‌లో ఎండీవర్ నౌకలో జెమిసన్ అంతరిక్షానికి వెళ్లారు, ఆ ఘనత సాధించిన మొదటి నల్లజాతి మహిళగా. మరుసటి ఏడు కొత్త ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ఒక భాగంలో కనిపించారు కూడా. ఆమె వైద్యురాలైంది, ఇంజనీరైంది తన చదువు వల్ల. ఆ దారిలో ధారావాహిక వాటా ఎంతో కొలవలేం. వాటా లేదనడం మాత్రం సాక్ష్యానికి విరుద్ధం.

అభిమానం గుడ్డిదన్న మాటలోనూ కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 1976లో నాసా తన మొదటి అంతరిక్ష షటిల్‌కు ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు అనుకుంటే, అభిమానుల ఉత్తరాల వెల్లువ తర్వాత అధ్యక్షుడు ఫోర్డ్ దాన్ని నా పేరుతో ‘ఎంటర్‌ప్రైజ్’గా మార్పించారు. సెప్టెంబర్ 17న ధారావాహిక నటులు ఎదురుగా నిలబడి ఉండగా అది షెడ్డు బయటికొచ్చింది. తీరా అది రోదసిలోకి పోనే లేదు. 1977లో విమానం వీపు మీద నుంచి వదిలితే జారుకుంటూ నేలకు దిగే పరీక్షలకే అది పరిమితమైంది. తమకు నచ్చిన పేరు దక్కించుకునే తొందరలో, కక్ష్యలోకి వెళ్లే మరో ఓడ కోసం ఆగాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు. అంతమాత్రాన ఆ ఉత్సాహం వృథా అనను. ఇంజన్ శక్తి లేకుండా ఆ భారీ యంత్రం నేలకు దిగగలదని తేల్చిన పరీక్షలే తర్వాతి షటిళ్లన్నిటికీ పునాది. నా పేరు మోసిన ఓడ చేసిన పని చిన్నదేం కాదు.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. నువ్వు గెలిచినవాళ్ల పేర్లే ఏరి చెబుతున్నావు, ఏమీ కాకుండా పోయిన వేలమంది పిల్లల మాటేమిటి అని. ఆ పిల్లలు ఏమీ చేయలేదని ఎవరన్నారు? 1967లో ‘స్పాకనేలియా’ అనే మొదటి అభిమాన పత్రికను తెచ్చింది ఇద్దరు అమ్మాయిలు, దెవ్రా లాంగ్సమ్, షెర్నా కమర్‌ఫర్డ్. స్టెన్సిల్ కాగితం మీద టైపు కొట్టి, మిమియోగ్రాఫ్ యంత్రం తిప్పి, పేజీలు వరస పెట్టి, పిన్ను కొట్టి పోస్టులో పంపడం ఆ పత్రికల పని. అలాంటివి ఆ తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి, అందులో ఎక్కువ భాగం ఆడవాళ్లు నడిపినవే. కథ రాయడం, తోటివాళ్ల కథ దిద్దడం, విమర్శ తట్టుకోవడం అన్నీ అక్కడ నేర్చుకున్నారు. వాటిలో రాసినవాళ్లలో అత్యధికులకు రచయితలన్న పేరు రాలేదు. పేరు రాకపోతే నేర్చుకున్నది లేనట్టా?

నా విషయంలోనైతే పేరులేని ఆ జనమే నన్ను నిలబెట్టారు. 1974లో మ్యూజియానికి ఇచ్చేసేనాటికే నేను శిథిలం. తర్వాతి మరమ్మతుల్లో రంగు మీద రంగు పడి, మొదటి రూపం మరుగున పడింది. చివరికి 2014లో ఎక్స్‌రేలు తీసి, పొరలు పరీక్షించి, అసలు రంగు వెతికే పని మొదలైంది. పళ్లెంలాంటి నా ముందుభాగం పైన మాత్రం పాత రంగు, పెన్సిల్‌తో గీసిన సన్నని గళ్లు అలాగే మిగిలాయి. మిగతా చోట్ల ఆధారం కావాలి. అప్పుడు మ్యూజియం తొలినాటి అభిమానులను అడిగింది, పాత ఫొటోలుంటే పంపమని. 1972లోనే, మరమ్మతుకు ముందు, కాలిఫోర్నియాలో ఒక కళాశాలలో నన్ను ప్రదర్శనకు పెట్టినప్పుడు కుర్రాళ్లు తమ కెమెరాలతో తీసుకున్న ఫొటోలు అలా బయటపడ్డాయి. నలభై ఏళ్లు వాటిని దాచుకున్నవాళ్లకు అవి ఒక శాస్త్రీయ పునరుద్ధరణకు సాక్ష్యమవుతాయని తెలియదు. సలహా సంఘంలో కూర్చున్న ఒకూడా, డ్రెక్స్‌లర్ లాంటివాళ్లు కూడా ఒకప్పటి అభిమానులే. 2016లో పని పూర్తయినా నా ఎడమవైపు కిటికీలు పెట్టలేదు. పెట్టి ఉంటే అందంగానే ఉండేది, కానీ అది నేను కాదు. ఇష్టం ముదిరితే నిజం కనిపించదనేవాళ్లు ఆ ఖాళీ పక్కను ఒకసారి చూడాలి.

నాకంటే ముందు, అదే 1964లో, దాదాపు మూడడుగుల నమూనా ఒకటి చేశారు. 1970ల చివర్లో అది కనబడకుండా పోయింది. 2023లో ఆన్‌లైన్ వేలంలో ఒక పాత ఓడ బొమ్మ అమ్మకానికి వచ్చినప్పుడు, దాని గీతలూ అతుకులూ చూసి ఇది ఆ తప్పిపోయిన నమూనాయేనని మొదట పోల్చుకున్నది అభిమానులే. నిపుణులు పరీక్షించి అవునన్నారు. 2024 ఏప్రిల్‌లో అది ధారావాహిక సృష్టికర్త జీన్ రాడన్‌బెరీ కొడుకు చేతికి చేరింది.