ఖాతా సొంతం, తప్పు అనాథ

మన కాలపు విలేకరికి రెండు అవతారాలు. ఆఫీసు అవతారానికి డెస్క్ అంటే భయం. రాసిన వాక్యాన్ని సబ్ ఎడిటర్ కోసేస్తే కిక్కురుమనదు. రెండో అవతారం ఎక్స్‌లో, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో విహరిస్తుంది. దానికి డెస్క్ లేదు, మర్నాడు సవరణ వేసుకోవాల్సిన ఖర్మ అసలే లేదు. బయోలో సంస్థ పేరు, హోదా, మైకు పట్టుకున్న ఫొటో మెరుస్తుంటాయి. వాటి కిందే రక్షాకవచం: ‘అభిప్రాయాలు పూర్తిగా వ్యక్తిగతం. రీపోస్టు చేసినంత మాత్రాన ఆమోదించినట్టు కాదు.’

ఎంత సుఖమైన ఏర్పాటో చూడండి. మంత్రిగారి అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ఈ విలేకరి పాత్రికేయుడు. అక్రెడిటేషన్ కార్డు దగ్గర, ఇళ్లస్థలాల జాబితా దగ్గర మరీ పాత్రికేయుడు. ‘ఈ సంగతి నీకెవరు చెప్పారయ్యా?’ అని అడిగామో, తక్షణం సామాన్య పౌరుడు. పొద్దున నాయకుడి పక్కన సెల్ఫీ దిగి ‘జన్మదిన శుభాకాంక్షలు అన్నా’ అని పోస్టు పెడతాడు. సాయంత్రం అదే అన్న ప్రెస్‌మీట్‌లో ముందు వరసలో కూర్చుని నిష్పాక్షికంగా ప్రశ్న అడుగుతాడు. అన్న కూడా అంతే నిష్పాక్షికంగా జవాబిస్తాడు.

ఇక వేగం సంగతి. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, నటుడు కోట శ్రీనివాసరావు గారిని సోషల్ మీడియా చంపేసింది. బందోబస్తు కోసం పోలీసులు ఇంటికే వచ్చారు. పాపం, ఆ పెద్దాయన వీడియోలో కనిపించి, తాను బతికే ఉన్నానని తానే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన కన్నుమూసింది 2025 జులైలో. అంటే మనవాళ్లు రెండేళ్ల ముందే బ్రేకింగ్ ఇచ్చేశారన్నమాట! ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న పెద్దమనిషి ఇప్పుడు ఉండి ఉంటే, ముందు దూడ ఫొటోతో థంబ్‌నెయిల్ తయారు చేయించేవాడు.

దేశభక్తి తోడైతే ఈ వేగానికి పట్టపగ్గాలుండవు. 2025 మే నెలలో, పాకిస్తాన్‌పై మన సైన్యం ఆపరేషన్ సిందూర్ జరిపిన రోజుల్లో, ఒక్క రాత్రిలో కొన్ని చానళ్లు, కొందరు పేరుమోసిన యాంకర్ల ఖాతాలు కలిసి కరాచీ రేవును ధ్వంసం చేసేశాయి, ఇస్లామాబాద్‌ను పట్టేసుకున్నాయి. తెల్లారి చూస్తే కరాచీలో రేవు రేవుగానే ఉంది, ఇస్లామాబాద్ పాకిస్తాన్‌లోనే ఉంది. ఆ రాత్రి గెలిచిన యుద్ధంలో మిగిలిన చిహ్నాలు లైకులు మాత్రమే.

నవ్వుకోలేని ఘట్టాలూ ఉన్నాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. ఇలాంటి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు తప్పదని అప్పటి ఐపీసీ 228-ఎ సెక్షన్ చెప్పేది. బాధితురాలు చనిపోయినా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే తేల్చింది. అయినా న్యాయం కోసమంటూ ఆమె పేరునే హ్యాష్‌ట్యాగ్ చేశారు, ఫొటోను ఊరేగించారు. చట్టం తెలియని జనంతో పాటు, తెలిసి తీరాల్సిన విలేకరులూ ఆ ఊరేగింపులో నడిచారు. ఆమెను ‘దిశ’ అనండని చివరికి పోలీసులు చెప్పాల్సి వచ్చింది.

మరి అడిగేవాడెవడు? ప్రెస్ కౌన్సిల్ ఉంది. 1978 నాటి చట్టం ప్రకారం అది పత్రికలనూ వార్తాసంస్థలనూ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. పైసా జరిమానా వేయలేదు. ఫేస్‌బుక్, ఎక్స్ పుట్టకముందే పుట్టిన చట్టమది. టీవీ చానళ్లు తమకు తామే పెట్టుకున్న వ్యవస్థ 2020 అక్టోబరులో ఒక హిందీ చానల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ చెప్పించింది. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పేరిట ఎవరో సృష్టించిన ట్వీట్లను అసలువిగా చూపించడం ఆ చానల్ నేరం. అవే ట్వీట్లను ఒక విలేకరి తన ఖాతాలో పెట్టి ఊరుకుంటే? అది వ్యక్తిగతం!

యాజమాన్యాలు పట్టించుకున్న సందర్భం లేకపోలేదు. 2021 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో రైతులు జరిపిన ట్రాక్టర్ల ర్యాలీలో చనిపోయిన రైతుపై పోలీసులు కాల్పులు జరిపారని ట్వీట్ చేసిన టీవీ యాంకర్ రాజ్‌దీప్ సర్దేశాయ్‌ని ఆయన సంస్థ రెండు వారాలు తెరకు దూరం పెట్టింది, నెల జీతం కోసింది. అక్కడితో ఆగితే బాగుండేది. పలుచోట్ల పోలీసులు రాజద్రోహం సెక్షన్ తగిలించారు. సుప్రీంకోర్టు అరెస్టును ఆపాల్సి వచ్చింది. సవరణతో సరిపోయే తప్పుకు సంకెళ్లు వెతికే సర్కారు పాత్రికేయ విలువలకు కాపలాదారు కాలేదు. మన ఇల్లు మనం ఊడ్చుకోకపోతే, ఊడ్చే మిషతో లాఠీ పట్టుకుని వచ్చేది మాత్రం ఆ సర్కారే.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సంస్థ పేరు తగిలించుకున్న ఖాతా వ్యక్తిగతం కాదు. తప్పు పోస్టును గుట్టుచప్పుడు కాకుండా డిలీట్ చేయడం సవరణ కాదు. తప్పు ఎక్కడ పెట్టారో సవరణ అక్కడే, అంతే పెద్దగా పెట్టండి. పాఠకులకూ ఒక మనవి: ఎవరు చెప్పారో చెప్పని వార్తను షేర్ చేయకండి, పెట్టినవాడు ఎంత పేరున్న పాత్రికేయుడైనా సరే.