బిస్కత్తుల యుద్ధము

అంతర్జాతీయ న్యాయము సైబరు లోకమందును చెల్లునని ఐక్యరాజ్యసమితివారి నిపుణుల బృందము 2013వ సంవత్సరమున ఏకాభిప్రాయముతో సెలవిచ్చెను. చెల్లుననుటలో ఎవ్వరికిని వివాదము లేదు. ఏ అంగడిలో, ఏ సరకునకు చెల్లునో తెలియకుండుటయే ఆ నాణెమునందలి విశేషము. అట్టి బృందమే మరియొకటి 2015లో కూడి, 11 నియమములు కూర్చెను, పరదేశపు కీలక వ్యవస్థలకు హాని సేయరాదని అందొకటి, అన్నియు స్వచ్ఛందములే. ఆ ఏటి డిసెంబరులోనే సైబరు దాడిచే ఉక్రెయినులో రెండు లక్షలకు పైబడిన వినియోగదారుల దీపములు ఆరిపోయెను.

అంతకు మించినది 2017 జూన్ 27న దాపురించినది. ఆ దేశపు వర్తకులు పన్నుల లెక్కలు వ్రాసికొను ఒక సాఫ్ట్‌వేరు అప్‌డేటులో దాగి వచ్చిన ‘నాట్‌పెట్యా’ యను మహమ్మారి, బ్యాంకులను స్తంభింపజేసి, చెర్నోబిల్‌లో అణుధార్మికతను మనుష్యులే చేతి పరికరములతో కొలుచుకొను దుర్గతి కల్పించి, ఎల్లలు దాటి, డెన్మార్కువారి మెర్‌స్క్ నౌకా సంస్థను సైతము మూలగూర్చుండబెట్టెను. నష్టము వెయ్యి కోట్ల డాలర్లకు మించెనని అమెరికావారి అంచనా.

బ్రిటిషు ప్రభుత్వము 2018 ఫిబ్రవరిలో ఇది రష్యా సైన్యపు పనియనియు, ఉక్రెయిను సార్వభౌమత్వమును త్రోసిరాజనుటయనియు ఘోషించెను. రష్యా తనకేమియు తెలియదనెను. మే నెలలో అదే ప్రభుత్వపు అటార్నీ జనరలు లండనులోని ఛాథమ్ హౌస్ వేదికనెక్కి, సార్వభౌమత్వము మూలసూత్రమే కాని, పరుల ఆంతరంగిక వ్యవహారములలో జోక్యము కూడదను నిషేధమునకు మించి, సైబరు చర్యలకు వర్తించు ప్రత్యేక నియమమేదియు దానినుండి రాబట్టజాలమని ఉపన్యసించెను. ఫిబ్రవరిలో పగిలిన కుండ, మే నాటికి ఉత్త మన్నేయని తేలినది! టాలిన్ పేర పండితులు 154 సూత్రములతో వెలువరించిన గ్రంథము వేరుగ చెప్పుచున్నది. ఐనను అది శాసనము కాదు, పాండిత్యము.

మా పల్లెలో పూర్వమొక కరణముండెడివాడు. గాదెకు కన్నము పడినను ఆయన లెక్కలో ‘ధాన్యము తరిగినది’ అనియే వ్రాసెడివాడు. దొంగతనమని వ్రాసినచో విచారణ వచ్చును, విచారణ వచ్చినచో తన గాదెను కూడ చూచెదరు. రాజ్యముల సంకోచమునకు ఇంతకంటె లోతైన కారణము నాకు తోచుట లేదు.

ఇందరు సంకోచించిన వేళ ఒక బీమా సంస్థ మాత్రము ధైర్యము చేసినది. ఓరియో బిస్కత్తులు చేయు మాండలీజ్ కంపెనీ, నాట్‌పెట్యాచే తన 1,700 సర్వర్లును 24,000 ల్యాప్‌టాపులును నాశనమైనవని పరిహారమడుగగా, జూరిక్ బీమావారు పాలసీ తిరగవేసి, ఇది పరరాజ్యపు యుద్ధతుల్య చర్యయనియు, యుద్ధనష్టమునకు పైకమీయమనియు నిరాకరించిరి. ‘యుద్ధ’ శబ్దము ఇట్లు బిస్కత్తుల మూలమున న్యాయస్థానమునకెక్కెను.

వ్యాజ్యము నాలుగేండ్లు నడిచినది. 2022లో విచారణ సాగుచుండగనే ఉభయులును రాజీపడిరి, షరతులు గోప్యములు. సంధి కుదిరినది, యుద్ధము జరిగినదో లేదో మాత్రము తేలలేదు.