పదకొండు కాకులు, పదకొండు తాటిపండ్లు

నాదర్‌గుల్‌లో ఇల్లు కట్టేవాడు సిమెంటు రేటు గుర్రంగూడలో అడిగినా, బడంగ్‌పేటలో అడిగినా జవాబు ఒకటే. అదీ సెంట్రింగ్ కొట్టేసి, కూలీలకు చెప్పేసి, రేపు స్లాబ్ అనగా పెరుగుతుంది. "మా చేతుల ఏముంది సార్, పైనుంచే పెరిగింది" అంటాడు డీలరు. పైకి చూస్తే ఎయిర్‌స్ట్రిప్ శిక్షణ విమానం తప్ప ఏమీ కనిపించదు.

కంపెనీల వాదన ముచ్చటైంది. సరుకొకటే, ఒకరి రేటు ఇంకొకరికి తెలుస్తుంది, కాబట్టి అందరి ధరలూ కలిసి కదలడం సహజమట. కుమ్మక్కు కాదు, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. సరే, పదకొండు చెట్ల మీద పదకొండు కాకులు ఒకే ముహూర్తానికి వాలితే, ముందురోజు ఎక్కడ కూర్చుని మాట్లాడుకున్నాయని అడగొద్దా?

బిల్డర్ల సంఘం ఫిర్యాదు చేస్తే కాంపిటీషన్ కమిషన్ అడిగింది. కంపెనీలు తమ తయారీదారుల సంఘం మీటింగుల్లో ధరల వివరాలు పంచుకున్నాయనీ, 2010 చివర సరఫరా తగ్గించి 2011 మొదట్లో రేటు పెంచాయనీ తేల్చింది. 2012 జూన్‌లో 11 కంపెనీలకూ, తయారీదారుల సంఘానికీ కలిపి 6,300 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. మన విష్ణుపురం, చిలమకూరు ఫ్యాక్టరీల ఇండియా సిమెంట్స్ వాటా 187 కోట్లు.

చట్టం ప్రకారం ఏడాదికి లాభానికి మూడింతల దాకా గుంజొచ్చు. వేసింది లాభంలో సగం. దానికే గుండెలు బాదుకున్నారు. వాదనలు వినని చైర్మన్ సంతకం పెట్టారని 2015లో ట్రిబ్యునల్ కొట్టేసింది. 2016లో కమిషన్ మళ్లీ వేసింది. 2018లో అప్పీలు కొట్టేస్తే, సుప్రీంకోర్టుకెళ్లారు. అక్కడ అప్పీళ్లు తీసుకుని, ప్రస్తుతానికి పదో వంతు డిపాజిట్ చాలన్నారు.

ముందుగా కమిషన్ దగ్గరికెళ్లి కుమ్మక్కు ఒప్పుకున్నవాడికి జరిమానా మొత్తం మాఫీ చేసే వీలు కూడా ఉంది. బ్యాటరీ కంపెనీల కుమ్మక్కు కేసులో పానాసోనిక్ అలాగే రూపాయి కట్టకుండా బయటపడింది. ఎవరెడీకి 171 కోట్లు, తడలో ఫ్యాక్టరీ ఉన్న నిప్పోకు 42 కోట్లు పడ్డాయి. సిమెంటు వాళ్లలో మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. కాకతాళీయంలోనూ ఎంత కట్టుబాటు!

కట్టిన జరిమానా ఏదైనా ఖజానాకే. 2011లో స్లాబ్ వేసినాయనకు వచ్చేదేమీ లేదు. ఆయనా ఎల్బీనగర్ బ్యాంకుకెళ్లి, "ఈఎంఐలో పదో వంతు కడతాను సార్, మిగతాది అప్పీలు తేలాక" అని అడిగి చూడొచ్చు.