‘మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు’: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇదే అసలైన పాత దుకాణం.
మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు.
పేరు చూసి మోసపోకండి.

అవతారిక

మూడు వాక్యాల ఈ గ్రంథానికి కర్త ఎవరో తెలియదు. రేకు బోర్డుల మీద, ఫ్లెక్సీల మీద, పార్సిల్ సంచుల మీద దేశమంతా వ్యాపించింది. ఆగ్రా పేఠా కొట్లలో, లోనావాలా చిక్కీ దుకాణాల్లో దీని పరభాషా పాఠాలు కనిపిస్తాయి. తెలుగునాట టిఫిన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు, స్వీటు షాపులు దీన్ని నిత్యపారాయణ చేస్తున్నాయి. ఇంత ప్రచారం ఉన్నా వ్యాఖ్యానం మాత్రం లేదు. 1854లో మొదలైన వావిళ్ల వారు ఎన్నో కావ్యాలను టీకా తాత్పర్యాలతో అచ్చువేశారు గానీ వీధి బోర్డుల జోలికి రాలేదు. అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదక్ సీమ కొలిచెలమవాడే. అయితే ఆయన కాలానికి అక్కడ టిఫిన్ సెంటరు లేదు.

కథాసందర్భం ఇది. నాయకుడు నాలుగు బల్లలు, ఒక పెనం ఉన్న చిన్న హోటలు యజమాని. ఆయనకొక ఆలోచన వచ్చింది. పది రకాల టిఫిన్లు మానేసి, పొద్దున్న పదకొండు దాకా ఒక్క ఇడ్లీ, దానికి మూడు చట్నీలు, పైన కారప్పొడి, కాచిన నెయ్యి. జనం బారులు తీరారు. ప్రతినాయకుడు సముద్రం దాటి వచ్చినవాడు కాదు. గల్లా పెట్టె దగ్గర కూర్చునే బావమరిది, లేదా పెనం దగ్గరి మాస్టరు, కాదంటే మినప్పప్పు అరువిచ్చే స్నేహితుడు. మొదటి సర్గలో ‘నువ్వు వెళ్లి కాస్త నడుం వాల్చు బావా, నేను చూసుకుంటాగా’ అంటాడు. రెండో సర్గలో ఒంట్లో బాగాలేదని రావడం మానేస్తాడు. మూడో సర్గలో ఎదురు వరుసలో కొత్త షట్టరు లేస్తుంది. అక్కడా ఒక్క ఇడ్లీ, మూడు చట్నీలు, కారప్పొడి, నెయ్యి; ప్లేటుకు ఐదు రూపాయలు తక్కువ. నాలుగో సర్గలో నాయకుడు ఫ్లెక్సీ ప్రింటింగు షాపు మెట్లెక్కుతాడు. శోకం శ్లోకం కావడం మన సాహిత్యానికి కొత్త కాదు.

ప్రతిపదార్థం

ఇదే = తమరు నిలబడి ఉన్న ఈ కొట్టే (ఎదుటిది కాదు); అసలైన = నకలు పుట్టిన మర్నాడు ఈ బిరుదు పొందిన; పాత = ఎదుటివాడికన్నా ఆరు నెలలైనా ముందున్న; దుకాణం = అద్దె కొట్టు; మాకు = నాకు; మరెక్కడా = ముఖ్యంగా రోడ్డుకు అవతల; బ్రాంచీలు = నా పద్ధతితో, నా చట్నీతో, నా ప్రమేయం లేకుండా నడిచే కొట్లు; లేవు = ఉన్నాయి, నావి కావు; పేరు చూసి = ఒక్క అక్షరం తేడాతో రాయించిన బోర్డు చూసి; మోసపోకండి = నేను పోయాను, మీరైనా పోకండి.

టీక

*అసలైన.* ఊళ్లో ఒక్క కొట్టే ఉన్నన్నాళ్లు దానికి ఈ విశేషణం అక్కర్లేదు. పంపకాలు వచ్చినప్పుడే అవసరం పడుతుంది. ఇందుకు ఢిల్లీ దృష్టాంతం ప్రసిద్ధం. దేశ విభజన తర్వాత పెషావరు నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, కుందన్‌లాల్ జగ్గీ దరియాగంజ్‌లోని మోతీ మహల్ హోటల్లో భాగస్వాములు. ఒకే పేరు, ఒకే వంటిల్లు. 2024 జనవరిలో మోతీ మహల్‌ను నడుపుతున్న గుజ్రాల్ కుటుంబం, జగ్గీ కుటుంబానికి చెందిన ‘దరియాగంజ్’ రెస్టారెంటు మీద వేసిన దావా ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. బటర్ చికెన్, దాల్ మఖనీ కనిపెట్టింది తామేనని వాళ్లు చెప్పుకోకూడదన్నది ప్రార్థన. అడిగిన పరిహారం 2 కోట్ల రూపాయలు. ఇక్కడ సూక్ష్మం గమనించాలి. తగువు కూర వండటం మీద కాదు, కనిపెట్టామని చెప్పుకోవడం మీద. వండొద్దని కోరితే దేశంలో సగం హోటళ్లను ప్రతివాదులుగా చేర్చాల్సి వచ్చేది.

*పాత.* ఈ మాటకు కవిత్వంలోకన్నా చట్టంలో విలువ ఎక్కువ. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 34వ సెక్షను ప్రకారం, ముందు నుంచీ ఒక పేరు వాడుకుంటూ వస్తున్నవాణ్ని, ఆ తర్వాత వాడకం మొదలుపెట్టి రిజిస్టరు చేయించుకున్నవాడు అడ్డుకోలేడు. అసలు రిజిస్ట్రేషనే లేకపోయినా, తన పేరు చెప్పి సరుకు అమ్ముకుంటున్నాడని ‘పాసింగ్ ఆఫ్’ దావా వేసే హక్కును 27వ సెక్షను కాపాడింది. అహ్మదాబాదులో 1982 నుంచి ముక్తజీవన్ అనే పేరుతో ఫోటో స్టూడియో, కలర్ ల్యాబు నడుపుతున్న వ్యాపారి, అదే పేరు పెట్టుకున్న మరొక ల్యాబు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. కింది రెండు కోర్టులూ ఇవ్వని ఇంజంక్షను 2001లో అక్కడ దొరికింది. కనుక ‘పాత’ అన్నది గొప్ప కాదు, సాక్ష్యం. దానికి అండగా మొదటి ఏడాది బిల్లు పుస్తకం, మొదటి పార్సిల్ సంచి, కొట్టు పేరు మీది రసీదు ఉండాలి. నాయకుడు ఆ బిల్లు పుస్తకాన్ని ఎక్కడ పెట్టాడో తెలిసిన ఏకైక వ్యక్తి బావమరిది.

*మాకు.* కర్త ఒక్కడే, ప్రయోగం బహువచనం. గౌరవార్థకమని కొందరి మతం. ఒకప్పుడు ఇద్దరుండేవారని, రెండోవాడు రోడ్డు దాటినా వ్యాకరణంలో మిగిలిపోయాడని మరికొందరి మతం. రెండోదే సమంజసం.

*బ్రాంచీలు లేవు.* ఇది గ్రంథానికి మర్మస్థానం. పేరు కాజేస్తే కోర్టుంది. ఆలోచన కాజేస్తే ఎవరున్నారు? వ్యాపార పద్ధతులు పేటెంటుకు తగవని 1970 నాటి పేటెంట్ల చట్టం 3వ సెక్షనులోనే చెప్పేసింది. కాపీరైటు సంగతి ఆర్.జి. ఆనంద్ కేసులో తేలింది. ఆయన రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకం 1954లో ఢిల్లీలో ఆడింది. సినిమా తీసే ఆలోచనతో దర్శకుడు మోహన్ సెహగల్ 1955లో ఢిల్లీ వచ్చి నాటకమంతా రచయిత నోటనే విన్నాడు. 1956లో ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది; అందులోనూ పంజాబీ, మద్రాసీ కుటుంబాల మధ్య పెళ్లి చిక్కే. దావా సుప్రీంకోర్టుకు చేరి 1978లో ముగిసింది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైటు ఉండదని, వాటికిచ్చిన రూపానికే ఉంటుందని చెప్పి కోర్టు అప్పీలు కొట్టేసింది. నమ్మి చదివి వినిపించిన రచయితకే ఇలా జరిగితే, నమ్మి చట్నీ రుచి చూపించినవాడి సంగతి చెప్పాలా?

శంక: ‘పూర్వులకైనా ఈ రక్షణ ఉండేదా?’ సమాధానం: ఒక్కచోట ఉండేదంటారు. దక్షిణ ఇటలీలో సిబారిస్ అనే గ్రీకు నగరంలో కొత్త వంటకం కనిపెట్టిన వంటవాడికి ఏడాదిపాటు దాని మీద పూర్తి హక్కు ఇచ్చేవారని అథీనియస్ అనే గ్రీకు గ్రంథకర్త పాత చరిత్రకారుణ్ని ఉటంకిస్తూ రాశాడు. ఆ నగరం క్రీస్తుపూర్వం 510లో నేలమట్టమైంది. తర్వాత ఆ పద్ధతి ఎవరికీ గుర్తురాలేదు. చికెన్ 65 తమ దగ్గరే 1965లో పుట్టిందని మద్రాసు బుహారీ హోటలు చెప్పుకుంటుంది. ఆ మాట నిజమనుకున్నా, దాన్ని వేయించే తెలుగు హోటళ్లలో ఒక్కటీ ఆ హోటలుకు అణా కట్టాల్సిన పని లేదు.

*మోసపోకండి.* ఇక్కడ పూర్వపక్షం బలంగా ఉంది. మోసపోయింది కర్త గదా, కొనేవాడికి ఏం నష్టం? అదే ఇడ్లీ, అదే నెయ్యి, ఐదు రూపాయల ఆదా. పైగా మాస్టరు రోడ్డు దాటకూడదని ఏ చట్టంలో ఉంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం ఒకడి వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందం చెల్లదు. గుడ్‌విల్‌తో సహా వ్యాపారాన్ని అమ్మేసినప్పుడే మినహాయింపు. అంటే ‘నా దగ్గర మానేశాక ఈ వీధిలో ఇడ్లీ వేయను’ అని మాస్టరు స్టాంపు కాగితం మీద రాసిచ్చినా అది చిత్తు కాగితమే. ఉడుపి హోటళ్లు దక్షిణాదంతా పాకింది ఈ దారినే. కప్పులు కడిగిన కుర్రాడు సప్లయరై, సప్లయరు మాస్టరై, మాస్టరు ఇంకో ఊళ్లో సొంత బోర్డు కట్టాడు. మన నాయకుడు మాత్రం పిండి పులియబెట్టడం తల్లి గర్భంలో నేర్చుకున్నాడా? ఆయనా ఏదో హోటలు వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చినవాడే. ఈ సంగతి మూలంలో లేదు. కర్త కావాలనే వదిలేశాడని వ్యాఖ్యాతల అనుమానం.

హరణ భేదాలు

దొంగతనంలో అంతరాలున్నాయని తొలుత పట్టించుకున్నది ఆలంకారికులే. 9, 10 శతాబ్దాల సంధిలో రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఇతరుల అర్థాన్ని హరించే పద్ధతులను నాలుగుగా విభజించాడు. ఆ సందర్భంలోనే కవిని, వర్తకుణ్ని ఒక్క గాటన కట్టి, ఇద్దరిలోనూ దొంగ కానివాడు లేడని, దాచుకోవడం తెలిసినవాడికి నింద రాదని తేల్చాడు. ఆయన విభాగం టిఫిన్ రంగానికి చక్కగా అతుకుతుంది.

ప్రతిబింబకల్పం: అర్థం అంతా పాతదే, మాటల కూర్పే వేరు. ఎదుటి కొట్టు ఈ కోవలోది. ఇడ్లీ, చట్నీలు, ప్లేట్ల రంగు, ఆఖరికి నెయ్యి పోసే గరిటె కూడా అదే. మారింది డోరు నంబరు.

ఆలేఖ్యప్రఖ్యం: ఉన్నదానికే కాస్త మెరుగులు దిద్ది వేరేదిగా చూపడం. ఏసీ, గోడకు పాత రేడియో, ఇత్తడి పళ్లెం, రెట్టింపు ధర.

తుల్యదేహితుల్యం: వస్తువు వేరు, పోలిక గట్టిది. ఇడ్లీ మానేసి పెసరట్టు పెడతాడు. కానీ ఒకే వస్తువు, పదకొండుకే కట్టేయడం, బయట బారు అన్న సూత్రం మాత్రం అదే.

పరపురప్రవేశసదృశం: మూలం ఒక్కటే, కట్టిన వేషం పూర్తిగా వేరు. బల్లలుండవు, బోర్డుండదు, ఒక గోడౌను, నాలుగు పొయ్యిలు, ఫోను యాప్‌లో ఆర్డర్లు. కారప్పొడి పాళ్లు మాత్రం నాయకుడివే.

మొదటి రెండింటినీ వదులుకోవాలని, మూడోది తప్పు కాదని అంతకుముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పాడు. ఆశ్చర్యమేమంటే నేటి కోర్టులూ ఇంచుమించు అక్కడే గీత గీస్తాయి. వేషం కాజేస్తే పట్టుకుంటాయి, ఊహ కాజేస్తే పొమ్మంటాయి.

రసాలంకారాలు

‘లేవు’ అంటూనే ఉన్నాయని తెలియజేయడం వల్ల వ్యంగ్యార్థం ప్రధానం. ఎదుటి కొట్టు పేరెత్తకుండానే ఆ వైపు వేలు చూపడం కర్త ప్రౌఢి. అంగిరసం కరుణం, అంగం రౌద్రం. రౌద్రానికి నాట్యశాస్త్రంలో భరతుడు ఎరుపు రంగు చెప్పాడు గనుక ‘మోసపోకండి’ ప్రతి బోర్డు మీదా ఎర్ర అక్షరాల్లోనే ఉంటుంది.

పాఠాంతరాలు

‘నకిలీలను చూసి మోసపోకండి’ అని ఒక పాఠం. ‘ఒన్ అండ్ ఓన్లీ’ అని నగర పాఠం. ప్రతినాయక పక్షంలో పేరుకు ముందు ‘న్యూ’, ‘శ్రీ’, ‘సూపర్’ చేరుతాయి, లేదా చివరి అచ్చు మారుతుంది. 1957లో దిండిగల్‌లో తలపాగా చుట్టుకునే నాగసామి నాయుడు మొదలుపెట్టిన బిర్యానీ హోటలుకు తలప్పాకట్టి అన్న పేరు పడింది. చివరి ‘ఇ’కారాన్ని ‘ఉ’కారం చేసిన తలప్పాకట్టుతో తగువు మద్రాసు హైకోర్టుకు ఎక్కింది. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చి తర్వాత ఆ పేరు తలగానో తోకగానో ఉన్న హోటళ్లు తెలుగు ఊళ్లలోనే కాదు, తెలుగువాళ్లున్న అమెరికా పట్టణాల్లోనూ వెలిశాయి. బావర్చి అంటే వంటవాడు కాబట్టి ఆ మాట నాదొక్కడిదేనని గట్టిగా అనడం ఎవరికైనా కష్టమే.

అన్నిటికన్నా చిత్రమైన ప్రతి ఎదుటి కొట్టు మీద దొరికింది. అక్కడా అక్షరం పొల్లుపోకుండా ఇదే రాసి ఉంది: మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు. అదీ నిజమే.

తాత్పర్యం

ఓ బాటసారులారా! మా వాడే కదా అని ఒకడికి తాళం చెవులిచ్చాను, లెక్కలు చూపించాను, చట్నీలో ఏది ఎంత పడుతుందో చెప్పాను. వాడు ఏదీ దొంగిలించలేదు, అన్నీ నేనే చేతికిచ్చాను. చట్టాన్ని అడిగితే నీ పేరు కాపాడతాను, నీ ఊహను కాపాడలేనంది. నా ఆస్తి చూస్తే ఆ ఊహ ఒక్కటే; పేరు పెట్టించింది కూడా వాడి సలహా మీదే. మీరు ఏ కొట్లో తిన్నా ఆకలి తీరుతుందని నాకు తెలుసు. అయినా ఇడ్లీ మొదట ఎవడికి తట్టిందో తెలుసుకుని తినండి అని భావము.

ఫలశ్రుతి

ఈ గ్రంథాన్ని షట్టరు ఎత్తకముందే చదివినవారికి కలిగే ఫలములు. హోటలు సేవలు ట్రేడ్ మార్కు తరగతుల్లో 43వది. వ్యక్తి గానీ చిన్న సంస్థ గానీ ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టడానికి 2017 నాటి నిబంధనల ప్రకారం తరగతికి 4,500 రూపాయలు. దొరికాక పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. కారప్పొడి ఇంట్లోనే కొట్టించి, హోటలుకు పొడిగానే పంపాలి. ఊహను ఎవరితోనైనా పంచుకోవలసి వస్తే, ఇది గుట్టుగా ఉంచవలసిన సంగతి అని ముందే కాగితం మీద రాయించుకోవాలి. కాపీరైటు అందని చోట ఈ నమ్మకభంగ వాదం అందుతుంది. తాము వివరించిన టీవీ సీరియల్ ఆలోచనను చానలు వాడుకుందని సన్‌డయల్ కమ్యూనికేషన్స్ అనే సంస్థ జీ టెలిఫిల్మ్స్ మీద వేసిన దావాలో 2003లో బొంబాయి హైకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకుని సీరియల్‌ను ఆపింది.

మాస్టరు చేత సంతకం పెట్టించడం సులభం, జీతం రోజున అయిపోతుంది. స్నేహితుడి చేత పెట్టించడం కొంచెం కష్టం. బావమరిది ముందు కాగితం పెడితే అతను పెన్ను అందుకునే ముందు అడిగేది ఒక్కటే: ‘ఈ సంగతి అక్కకు చెప్పావా, బావా?’